మా అమ్మాయి న్యూట్రినోల గ్రూపులో చేరుతోంది. అక్కడి మనుషులు ఎలా ఉంటారు?

జగిత్యాల టీచరమ్మ | జూలై 9, రాత్రి 9:12

నమస్కారం. నేను జగిత్యాల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా పెద్దమ్మాయికి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీ సీటు కూడా వచ్చింది. ఆగస్టులో చేరాలి. న్యూట్రినోల మీద పని అట. అవేమిటో మొన్న అన్నం తింటూ చెప్పింది: కంటికి కనపడని బుల్లి కణాలు, దేనికీ తగలకుండా దూసుకుపోతాయట. పప్పు గిన్నె ఈ పక్కన, పచ్చడి జాడీ ఆ పక్కన పెట్టి, "ఇది అమెరికాలో షికాగో దగ్గర ఫెర్మీల్యాబ్ అనే పరిశోధనశాల అమ్మా, ఇక్కడ పుట్టిస్తారు. అది 810 కిలోమీటర్ల అవతల మిన్నెసోటాలో వాటిని పట్టే డిటెక్టర్. మధ్యలో సొరంగం ఏమీ లేదు, నేల లోపలి నుంచే పోతాయి" అంది. అంత దూరానికి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదట. ఆ మాత్రం అర్థమైంది.

నాకు అర్థం కానిది వేరే ఉంది. గ్రూపు ఫోటో చూపించింది. చెట్టు కింద పదకొండు మంది. మధ్యలో ప్రొఫెసర్ గారు. ముగ్గురు అమ్మాయిలు. కుడి చివర తెల్లచొక్కా పెద్దాయన, జేబులో టెస్టర్. "వీళ్లంతా ఎవరే?" అంటే "గ్రూపమ్మా" అంటుంది, అంతే. ఐదారేళ్లు నా పిల్ల వీళ్ల మధ్య బతకాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్లు ఏం చేస్తారు, ఒకరికొకరు ఏమవుతారు, పిల్లకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి. ఫిజిక్స్ కొంచెం తగ్గించి చెప్పినా ఫర్వాలేదు.

నీలిమ, పోస్ట్‌డాక్ | జూలై 9, రాత్రి 11:40

టీచర్ గారూ, మీటింగ్ అయ్యాక ఇప్పుడే మీ పోస్టు చూశాను. (అవును, రాత్రి మీటింగే. షికాగోలో పొద్దున పది అంటే వేసవిలో మనకు రాత్రి ఎనిమిదిన్నర.) మీ అమ్మాయి చేరబోయే గ్రూపు నాది కాదు గానీ, ఆ ఫోటోలో నాలాంటి వాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. అందుకే రాస్తున్నా.

ముందు ప్రొఫెసర్. మా మేడమ్‌కు రోజులో ఫిజిక్స్‌కు మిగిలేది తక్కువ. ఎంఎస్సీ క్లాసులు, పేపర్లు దిద్దడం, ప్రాజెక్టు డబ్బు లెక్కలు, కొటేషన్లు, ఢిల్లీకి పంపాల్సిన రిపోర్టులు. సాయంత్రం ఐదున్నరకు ఒక కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుని "ఏదీ, ఆ గ్రాఫ్ చూపించు" అంటారు. మాకు ఆవిడ దొరికే గంట అదే. ఆ గంట కోసం మేం రోజంతా సిద్ధమవుతాం.

తర్వాత పోస్ట్‌డాక్‌లు. పీహెచ్‌డీ అయిపోయి, పర్మనెంట్ ఉద్యోగం ఇంకా రాక, రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద ఉండేవాళ్లం. కొత్తగా వచ్చిన స్కాలర్‌కు రోజువారీ పని నేర్పేది ఎక్కువగా మేమే. మా తర్వాత సీనియర్ స్కాలర్లు: నాలుగో ఏడు, ఐదో ఏడు నడుస్తున్నవాళ్లు. ప్రయోగంలో ఏ ఫైలు ఎక్కడుందో, ఏ మెయిల్ ఎవరికి రాస్తే జవాబు వస్తుందో మాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఎంఎస్సీ ప్రాజెక్టు పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఏడాదికి మారిపోతుంటారు.

పని సంగతి. మొదట్లో కోర్స్‌వర్క్, పరీక్షలు. ఆ తర్వాత రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే. రూట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, యూరప్‌లోని సెర్న్ అనే కణ భౌతిక పరిశోధనశాలలో పుట్టింది, మా రంగంలో ఎవరి వంటింట్లో చూసినా ఆ కత్తిపీటే ఉంటుంది. కోడ్ రాస్తాం, నడవదు, ఎందుకు నడవలేదో వెతుకుతాం. మూడు రోజులు వెతికాక పక్క కుర్చీలో సీనియర్ లేచి వచ్చి, స్క్రీన్ మీద ఒక్క లైన్ చూపించి వెళ్లిపోతారు. ఆ పక్క కుర్చీ ఖాళీగా ఉన్న చోట పీహెచ్‌డీ చేయడం చాలా కష్టం. ఇది అనుభవం మీద చెప్తున్నా.

ఇంత మంది ఎందుకంటే, ఆ మిన్నెసోటా డిటెక్టర్ బరువు 14,000 టన్నులు. పొడవైన ప్లాస్టిక్ గొట్టాల్లాంటి గదులు 3,44,000, లోపల మెరిసే ద్రవం. అది నేల మీదే ఉంది కాబట్టి పైనుంచి విశ్వకిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే కణాల వాన) సెకనుకు లక్షకు పైగా వచ్చి పడుతుంటాయి. మాకు కావలసిన ఎలక్ట్రాన్ న్యూట్రినోలు (న్యూట్రినోల్లో ఒక రకం) మాత్రం పదేళ్ల డేటా అంతా జల్లెడ పడితే వందల్లోనే. ఆ జల్లెడ పట్టేవాళ్లు ఇన్ని దేశాల్లో కలిపి రెండు వందలకు పైనే ఉన్నారు. ఫోటోలో మీరు చూసింది పదకొండు మందినే.

రవి, తార్నాక | జూలై 10, ఉదయం 7:05

నీలిమక్క షిఫ్టుల గురించి చెప్పలేదు, నేను చెప్తా.

డిటెక్టర్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఎనిమిది గంటలకొక షిఫ్ట్. అందుకు అమెరికా వెళ్లక్కర్లేదు, ఇక్కడి గదిలోంచే చూడొచ్చు. వాళ్ల అర్ధరాత్రి షిఫ్ట్ వేసవిలో మనకు పొద్దున పదిన్నరకు మొదలై సాయంత్రం ఆరున్నరకు ముగుస్తుంది. వాళ్లు నిద్ర కాయాల్సిన షిఫ్టును మనం పట్టపగలు చేస్తాం. ఇండియా గ్రూపులు ఉండటం వల్ల వాళ్లకు ఎంత మేలో వాళ్లే చెప్తుంటారు.

నాలుగైదు స్క్రీన్లు ఎదురుగా ఉంటాయి. ఫెర్మీల్యాబ్ నుంచి న్యూట్రినోల కిరణపుంజం ఒకటింపావు సెకనుకు ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు ఉండేది సెకనులో లక్షో వంతు. అంతా పచ్చగా ఉంటే లాగ్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చోవడమే. ఏదైనా ఎర్రబడితే ఫోన్ తీయాలి. నా మూడో షిఫ్టులో ఒక భాగం నుంచి సిగ్నల్ ఆగిపోయింది. అవతల ఎక్స్‌పర్ట్‌ను తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేపాను. ఆయన విసుక్కోలేదు. "నువ్వు చూసింది చూసినట్టు చదువు" అన్నాడు, ఒక్కో అంకె చదివాను, ఇరవై నిమిషాల్లో సరిచేశాం. ఆయన ముఖం ఇప్పటికీ చూడలేదు.

జ్వరం అడిగారు కదా అమ్మా. నిరుడు నాకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. హాస్పిటల్లో రెండు రాత్రులు కూర్చున్నది మా ల్యాబ్‌మేట్. రక్తం ఇచ్చినతను పక్క గదిలో థియరీ గ్రూపు వాడు, అప్పటిదాకా "టీ తాగుదామా" తప్ప పెద్దగా మాటల్లేవు. మా అమ్మానాన్న భద్రాచలం నుంచి వచ్చేసరికి జ్వరం దిగింది.

శ్రీను, అమీర్‌పేట | జూలై 10, మధ్యాహ్నం 1:30

టీచర్ గారూ, తప్పుగా అనుకోకండి. మా చెల్లెలు కూడా ఎంఎస్సీ ఫిజిక్సే. ఇక్కడ ఆరు నెలలు కోర్సు చేసింది, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. ఇల్లు గడవాలన్నా, పిల్లకు పెళ్లి చేయాలన్నా ఆరేళ్లు అంటే మాటలా? మీ అమ్మాయి తెలివైనదే, అందుకే చెప్తున్నా. ఆ తెలివికి దారి ఇదొక్కటేనా అని ఒకసారి ఆలోచించండి.

కిరణ్, మాదాపూర్ | జూలై 10, రాత్రి 10:20

శ్రీను గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను రెండు వైపులా ఉన్నవాణ్ని కాబట్టి చెప్తా.

డబ్బు ముందు. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000. రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్‌కు, అంటే సీనియర్ ఫెలోషిప్‌కు మారితే 42,000. హాస్టల్ లేకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వేరే. ఒక్క మనిషి బతకడానికి చాలు. ఎటొచ్చీ ప్రతి నెలా టైముకు పడుతుందని లెక్క వేసుకోవద్దు. నాకు ఒకసారి ఐదు నెలలు ఆగింది, ఆ ఐదు నెలలూ మెస్ బిల్లు నా సీనియర్ కట్టాడు. మొదటి రెండు నెలల డబ్బు తీసి పక్కన పెట్టుకోమని అమ్మాయికి చెప్పండి.

పీహెచ్‌డీ ముగించి నేను సాఫ్ట్‌వేర్‌కు వచ్చాను. జీతం పెరిగింది, దాచుకోవాల్సిందేమీ లేదు. అక్కడ నేర్చుకుని ఇక్కడికి తెచ్చుకున్నది ఒకటుంది, అది ఆరు నెలల కోర్సులో దొరకదు. మా ప్రయోగంలో అసలు డేటాను ముందే చూడనివ్వరు. నకిలీ డేటా మీద, అంటే కంప్యూటర్‌లో పుట్టించిన ఘటనల మీద పద్ధతి అంతా తయారు చేసుకోవాలి, అందరి ముందు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలి, పద్ధతికి తాళం వేయాలి. ఆ తర్వాతే అసలు డేటా. దాన్ని మేం పెట్టె తెరవడం అంటాం. ముందే చూస్తే మనకు నచ్చిన జవాబు వైపు చెయ్యి దానంతట అదే వంగుతుంది కదా, అందుకని.

మేం పెట్టె తెరిచిన రోజు నాకు ఇంకా గుర్తుంది. రాత్రి పదిన్నర, గదిలో తొమ్మిది మందిమి, అవతల స్క్రీన్ మీద ఇంకో అరవై ముఖాలు. రెండేళ్ల పని ఒక్క బటన్‌తో తేలిపోతుంది. గ్రాఫ్ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. మా సార్ మెల్లగా "ఊఁ, సరిపోయింది" అన్నారు. పోస్ట్‌డాక్ అక్క అప్పటికే ఏడుస్తోంది. అందులో కొత్త కణమేమీ దొరకలేదు. అంతకుముందు తెలిసిన విలువ ఇంకాస్త కచ్చితంగా తెలిసింది, అంతే. ఆ "అంతే" కోసం తొమ్మిది మంది రెండేళ్లు నిజాయితీగా కళ్లు మూసుకుని పనిచేశారు. ఉద్యోగంలో ఇప్పటికీ ఎవరైనా జవాబు ముందే అనుకుని లెక్కలు వేస్తుంటే నాకు ఆ గదే గుర్తొస్తుంది.

పేరు వద్దు | జూలై 11, రాత్రి 12:50

అందరూ మంచే చెప్తున్నారు. టీచర్ గారు ఇంకోటి కూడా వినాలి.

నేను మూడున్నరేళ్లకు మానేశాను. ఏ ఊరో, ఏ యూనివర్సిటీయో చెప్పను. మా గైడ్‌కు చాలామంది స్టూడెంట్లు. నాలుగు నెలలకు ఒకసారి ఇరవై నిమిషాలు దొరికేవారు. నేను రాసిన మొదటి పేపర్ డ్రాఫ్ట్ ఆయన మెయిల్లో పద్నాలుగు నెలలు ఉంది. ఆలోగా అదే పని ఇంకో దేశంలో ఎవరో చేసి అచ్చు వేశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆయనకు తీరిక లేదు, నాకు అడిగే ధైర్యం లేదు. నన్ను బాధపెట్టింది వేరే. చేరకముందు నేను ముగ్గురు సీనియర్లతో మాట్లాడాను, ముగ్గురూ "బాగుంటుంది, రా" అన్నారు. వాళ్లకు తెలుసు. చెప్పలేదు. వాళ్ల థీసిస్‌లు ఆయన సంతకం మీద ఆధారపడి ఉన్నాయి, ఎలా చెప్తారు?

అందుకని మీ అమ్మాయిని "గ్రూపు ఎలా ఉంటుంది" అని అడగనివ్వకండి. ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. ఇలా అడగమనండి: చివరగా ముగించిన ముగ్గురికి ఎన్నేళ్లు పట్టింది? మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్ల నంబర్ ఇస్తారా? సార్ కిందటి వారం మీతో ఎంతసేపు కూర్చున్నారు? అంకెలు అడిగితే అబద్ధం చెప్పడం కష్టం.

నీలిమ, పోస్ట్‌డాక్ | జూలై 11, ఉదయం 8:15

పేరు వద్దు అన్నవారికి: మీరు రాసినందుకు థాంక్స్. నేను పైన అంత పొడుగు రాసి ఈ ముక్క వదిలేశాను, వదిలేయకుండా ఉండాల్సింది. మానేసినవాళ్ల నంబర్ అడగడం చాలా మంచి మాట. మా గ్రూపులో చేరాలని ఎవరైనా అడిగితే ఇకనుంచి నేనే ముందు ఇస్తాను.

జగిత్యాల టీచరమ్మ | జూలై 13, రాత్రి 8:45

పేరు వద్దు అన్నవారూ, మీరెవరో నాకు తెలియదు. మా అమ్మాయి వయసే అయ్యుంటుంది. మీ పోస్టు రెండుసార్లు చదివి, దాన్ని పిలిచి చదివించాను. నిన్న ఆ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని ఇద్దరు సీనియర్లకు ఫోన్ చేసింది. ఒకబ్బాయి "మళ్లీ చేస్తా" అని చేయలేదు. ఒకమ్మాయి నలభై నిమిషాలు మాట్లాడింది. ఐదున్నర, ఆరు, ఆరున్నర ఏళ్లు పట్టిందట. మానేసినవాళ్లు ఒకరున్నారు, ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెప్తున్నారు, నంబర్ ఇచ్చింది. ఆయన కూడా "గైడ్ మంచాయనే, నాకే ఇంటి దగ్గర ఇబ్బంది వచ్చింది" అన్నారట. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

శ్రీను గారూ, మీ మాట తీసేయలేను. మా ఆయన కూడా అదే అంటున్నారు. కానీ ఆ పిల్ల పప్పు గిన్నె జరిపి చెప్తున్నప్పుడు దాని ముఖం చూశాను.

ఆ తెల్లచొక్కా పెద్దాయన ఎవరో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

నల్లకుంట లెక్చరర్ | జూలై 14, సాయంత్రం 6:30

ఫోటోలో ముగ్గురు అమ్మాయిలు అన్నారు కదా మేడమ్, దాని మీద ఒక మాట. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మన దేశంలో కణ భౌతికం చేసిన తొలి మహిళ విభా చౌధురి. కలకత్తాలో డి.ఎం. బోస్ అనే భౌతిక శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. కొండ మీదికి ఫోటో ప్లేట్లు తీసుకెళ్లి నెలల తరబడి విశ్వకిరణాలకు పెట్టి, వాటిలో పడిన గీతలను మైక్రోస్కోపులో కొలిచి, మీసాన్లు అనే కణాల గురించి నేచర్ పత్రికలో 1941, 42లలో రాశారు. యుద్ధం రోజులు కావడంతో మంచి ప్లేట్లు దొరకలేదు. యుద్ధం తర్వాత బ్రిస్టల్‌లో పావెల్ బృందం మెరుగైన ప్లేట్లతో పయాన్ అనే మీసాన్‌ను పట్టుకుంది, 1950లో పావెల్‌కు నోబెల్ వచ్చింది. ఆ బ్రిస్టల్ బృందంలో కూడా రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని గీతలు వెతికినవాళ్లు ఎక్కువమంది అమ్మాయిలే. వాళ్లను స్కానర్లు అనేవారు.

2019లో ఒక నక్షత్రానికి విభ అని పేరు పెట్టారు. అప్పటికి ఆమె పోయి ఇరవై ఎనిమిదేళ్లు. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీ అమ్మాయిలు తలెత్తి చూస్తారు.

సత్యనారాయణ, వర్క్‌షాప్ | జూలై 15, ఉదయం 11:00

మా మనవడు ఈ చర్చ చదివి వినిపించాడు. నేను చెప్తుంటే వాడే టైప్ చేస్తున్నాడు.

టీచరమ్మా, తెల్లచొక్కా ఆయన ల్యాబ్ టెక్నీషియన్ అయ్యుంటాడు. జేబులో టెస్టర్ అన్నారంటే అనుమానం లేదు. నేను ఒక యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఫోటో తీస్తే నేనూ అక్కడే, చివర నిలబడేవాణ్ని.

మేం చేసే పని చెప్తాను. సింటిలేటర్ అని ప్లాస్టిక్ పలక ఉంటుంది, అద్దంలాగా. దాంట్లోంచి మ్యువాన్, అంటే విశ్వకిరణాల వల్ల గాల్లో పుట్టి కిందికొచ్చే కణం పోతే చిన్న మెరుపు మెరుస్తుంది, కంటికి కనపడదు. ఆ మెరుపును ఒక గాజు ట్యూబు పట్టుకుని కరెంటుగా మారుస్తుంది. బయటి వెలుతురు ఒక్క చుక్క లోపలికి రాకూడదు. పలకకు ముందు తెల్లటి పేపరు చుట్టాలి, మెరుపు బయటికి పోకుండా. దాని మీద నల్ల పేపరు. దాని మీద నల్ల టేపు, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేట్టు. చేతికి గ్లవ్స్ లేకపోతే చెమట మరక పడుతుంది. మూలల దగ్గరే అసలు కష్టం. కొత్త పిల్లలు మూల దగ్గర టేపు లాగి అంటిస్తారు, రెండు రోజులకు అది లేస్తుంది. లాగకూడదు, కూర్చోబెట్టాలి.

చుట్టాక పరీక్ష. కౌంటర్ మీద అంకె చూస్తూ గదిలో ట్యూబ్‌లైటు ఆర్పాలి. అంకె తగ్గిందంటే ఎక్కడో వెలుతురు దూరుతున్నట్టే. అప్పుడు లైటు మళ్లీ వేసి, నల్ల గుడ్డ కప్పేసి అంగుళం అంగుళం తీసుకుంటూ పోవాలి. ఎక్కడ అంకె ఎగిరితే అక్కడ సూది మొనంత సందు ఉంటుంది. ఒకసారి ఆ సందు కోసం నేనూ ఒక స్కాలరమ్మాయీ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెతికాం. దొరికేసరికి చివరి బస్సు పోయింది. నా స్కూటర్ మీద హాస్టల్ దగ్గర దింపాను.

ఒక తప్పు కూడా చెప్పాలి. ఒకబ్బాయి ట్యూబుకు వెయ్యిన్నర వోల్టులు ఉండగానే మూత తీశాడు. వెలుతురు తగిలింది, ట్యూబు పోయింది. ఖరీదైన సామాను. పిల్లవాడు వణికిపోయాడు. కొత్తవాణ్ని ఒంటరిగా వదిలి నేను టీకి వెళ్లాను, అది నాది పొరపాటు. సార్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లి అదే చెప్పాం. ఆ రోజు నుంచి వోల్టేజ్ స్విచ్ పక్కన ఎర్ర అట్టముక్క కట్టాను: "ఆర్పావా?" అని.

పేపర్లు అచ్చయినప్పుడు చివర "వర్క్‌షాప్ సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఉండేది. ఒక్క స్కాలర్ మాత్రం థీసిస్‌లో నా పూర్తి పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా. ఆ కాపీ మా బీరువాలో ఉంది.

రవి, తార్నాక | జూలై 15, మధ్యాహ్నం 12:10

సత్యనారాయణ గారూ, మూలల దగ్గర "లాగకూడదు, కూర్చోబెట్టాలి" అని మా ల్యాబ్‌లో గోడకు రాసిపెడతాను, అనుమతి ఇవ్వండి.

కిరణ్, మాదాపూర్ | జూలై 15, రాత్రి 9:30

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి. 2015లో సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండూ కలిసి హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద ఒక పేపర్ వేశాయి. రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే. పెద్ద ప్రయోగాల్లో ఊరికే పేరు పెట్టరు, ప్రయోగం నడవడానికి కావలసిన పని కొన్ని నెలలు చేసి చూపించాలి. ఆ తర్వాత వచ్చే పేపర్లన్నిటిలో అక్షరక్రమంలో పేరు ఉంటుంది. నోబెల్ వచ్చిన ప్రొఫెసర్ అయినా, రెండో ఏడు స్కాలర్ అయినా ఒకటే వరస. అది నాకు చాలా గౌరవంగా అనిపించేది.

నీలిమ, పోస్ట్‌డాక్ | జూలై 15, రాత్రి 10:05

గౌరవమే కిరణ్ గారూ, కానీ ఆ వరసలోకి ఎవరు వస్తారన్నది చూడండి. డిజైన్ చేసిన ఇంజనీరు పేరు చాలాసార్లు ఉంటుంది. టేపు చుట్టినాయన పేరు ఉండదు. ఆ చుట్టడం సరిగ్గా లేకపోతే మా డేటా చెత్త. ఐదు వేల పేర్లకు చోటున్న కాగితంలో ఇంకో ఐదు వందలకు చోటుండదా? నాకు ఇది మింగుడు పడదు.

కిరణ్, మాదాపూర్ | జూలై 15, రాత్రి 10:40

పేరు ఉన్నదంటే ఆ ఫలితానికి జవాబుదారీ కూడా ఉన్నట్టు, అందుకే ఆ గీత గీశారని మా సార్ చెప్పేవారు. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే విశ్లేషణ మొత్తాన్ని సమర్థించగలగాలి అని. ఇప్పుడు మీరడిగాక ఆలోచిస్తే, ఆ 5,154 మందిలో మొత్తాన్ని సమర్థించగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? నాకు వచ్చిన ముక్క నాకు వచ్చు. సత్యనారాయణ గారికి ఆయన ముక్క నాకంటే బాగా వచ్చు. మీరన్నదే సబబు అనిపిస్తోంది.

రవి, తార్నాక | జూలై 16, ఉదయం 7:30

పేర్ల మీద టీచర్ గారికి ఒక పనికొచ్చే మాట. మనవాళ్ల సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరం ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో వెనకా ముందూ అవుతుంది. మా సీనియర్ ఒకాయన మొదటి మూడు పేపర్లలో ఇంటిపేరు మీద, తర్వాత అసలు పేరు మీద పడ్డాడు. వెతికితే ఇద్దరు మనుషులుగా కనిపించేవాడు. ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు అది సరిచేయడానికి నానా తిప్పలు పడ్డాడు. చేరిన వారంలోనే ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, ఆర్కిడ్ నంబర్ (పరిశోధకులను పేరుతో సంబంధం లేకుండా గుర్తుపట్టే నంబర్) తీసుకుని, అన్నిచోట్లా అదే వాడమనండి.

కుప్పం కుర్రాడు | జూలై 18, రాత్రి 9:00

ఆలస్యంగా చూశాను. మా తాత కోలార్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. 1965లో విశ్వకిరణాల వల్ల గాల్లో పుట్టే న్యూట్రినోలను పట్టుకున్నది ఆ గనిలోనే. బొంబాయి టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) వాళ్లు, జపాన్ ఒసాకా వాళ్లు, ఇంగ్లండ్ డర్హమ్ వాళ్లు కలిసి రెండు కిలోమీటర్లకు పైగా లోతున డిటెక్టర్లు పెట్టారు. అదే ఏడు దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో బృందానికీ దొరికాయి. అంత లోతున రాయి వేడిగా ఉంటుంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుందని తాత చెప్పేవాడు. ఆ సామాను దించడానికి, ఆ లోతున నిలబడటానికి దారి వేసింది గని కూలీలు. మన వైపు నుంచి పోయిన తెలుగువాళ్లు, తమిళులు. గనులు 2001లో మూతపడ్డాయి. న్యూట్రినో అన్న మాట మా తాతకు తెలియదు, "సైంటిస్టులు దిగేవాళ్లు రా" అనేవాడు.

సత్యనారాయణ తాతయ్యగారి పోస్టు చదివాక రాయాలనిపించింది.

జగిత్యాల టీచరమ్మ | ఆగస్టు 19, రాత్రి 10:15

శనివారం పిల్లను దింపి వచ్చాము. హాస్టల్ గది, బకెట్టు, దుప్పటి, తాళం అన్నీ చూసుకున్నాక "ల్యాబ్ చూస్తావా అమ్మా" అంది. మా ఆయన మొహమాటపడ్డారు. నేను వెళ్లాను.

తెల్లచొక్కా పెద్దాయన ఉన్నారు. సత్యనారాయణ గారు చెప్పినట్టే టెక్నీషియన్. నేను పేరు అడిగితే ఆశ్చర్యపోయారు. రెండు నల్లటి పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి, పక్కన ఎర్ర అంకెల డబ్బా. ఒక పలకలోనే మోగితే నమ్మరట, పైదీ కిందదీ ఒకేసారి మోగితేనే మ్యువాన్ పోయినట్టు లెక్క. నిమిషానికి ఎన్ని వస్తున్నాయో చూపించారు. 312. తర్వాతి నిమిషం 298. తర్వాత 321. "ఎందుకు మారుతోంది, పాడైందా?" అన్నాను. అక్కడున్న ఒక సీనియర్ అమ్మాయి, "మూడు వందలు వచ్చే చోట ఒక పదిహేడు అటూ ఇటూ కావడం సహజం ఆంటీ. ప్రతిసారీ సరిగ్గా మూడు వందలే వస్తే అప్పుడు అనుమానపడతాం" అంది. నా చెయ్యి తీసుకుని పలక మీద పెట్టి, "ఇప్పుడు మీ అరచేతిలోంచి నిమిషానికి వంద దాకా పోతున్నాయి" అంది. ఏమీ తెలియలేదు. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

టేపు మూలలు దగ్గరగా చూశాను సత్యనారాయణ గారూ. ఎక్కడా లేవలేదు.

సత్యనారాయణ, వర్క్‌షాప్ | ఆగస్టు 20, ఉదయం 9:40

సంతోషం తల్లీ. ఆయనకు నా నమస్కారం చెప్పించండి. పిల్లకు టేపు ఆయన దగ్గరే నేర్చుకోమనండి.

జగిత్యాల టీచరమ్మ | అక్టోబరు 27, రాత్రి 8:20

మళ్లీ విసిగిస్తున్నాను. పిల్లకు షిఫ్ట్ ట్రైనింగ్ మొదలైంది, ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తున్నారట. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం మారుతుందని, ఆ తర్వాత షిఫ్ట్ పదకొండున్నర నుంచి రాత్రి ఏడున్నర అని చెప్పింది. స్క్రీన్ వదిలి లేవకూడదంది. మెస్‌లో అన్నం రెండింటికి అయిపోతుందట. అడిగితే "చూసుకుంటాలే" అంటుంది. ఇది బిస్కెట్లు తిని సరిపెట్టుకునే పిల్ల. మీరంతా ఏం చేస్తారు?

ఎడమ నుంచి మూడు | అక్టోబరు 27, రాత్రి 9:05

ఆంటీ, నేను ఆ గ్రూపు ఫోటోలో ఎడమ నుంచి మూడో అమ్మాయిని. జూలైలో ఫోన్లో నలభై నిమిషాలు మాట్లాడింది నేనే. మీ చెయ్యి పలక మీద పెట్టింది కూడా నేనే. ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నా, రాయడానికి మొహమాటపడ్డాను.

కంట్రోల్ రూమ్ తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంటుంది. ఎడమవైపు షిఫ్ట్ ఎవరిది, కుడివైపు అన్నం ఎవరు తేవాలి. ఒంటిగంటకల్లా టిఫిన్ బాక్స్ వచ్చేస్తుంది. నవంబరు మొదటి వారంలో తన పేరుకు ఎదురుగా ఉన్నది నా పేరే. పచ్చి మిరపకాయ పచ్చడి పంపుతానన్నారట కదా, కాస్త ఎక్కువే పంపండి.